మధురవాడా, వన్ టౌనా అంటే వన్ టౌనే

విశాఖలో మధురవాడ వైపు కొత్త ఫ్లాట్‌కి వెళ్ళాలా, వన్ టౌన్‌లో పాత ఇల్లు అద్దెకు తీసుకోవాలా, పాత పట్నంలో అంత ఏముంది అని అడిగారు. నేను పెళ్ళయి బురుజుపేట దగ్గరికి కాపురానికి వచ్చినదాన్ని. కళ్ళు మూసుకుని వన్ టౌనే అంటాను.

విశాఖ ఎంత పెరిగినా మా వైపు చిన్న ఊరే. బంగారానికి కురుపాం మార్కెట్, కూరలకి పూర్ణా మార్కెట్, రెండూ నడిచి వెళ్ళొచ్చు. హార్బర్ పక్కన వెంకటేశ్వరస్వామి గుడి, దర్గా, రాస్ హిల్ చర్చి, మూడు కొండల మీద పక్కపక్కనే ఉంటాయి. కానీ నేను చెప్పాలనుకున్నది ఇవేవీ కాదు, మా నుయ్యి గురించి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, కుళాయి రాలేదు. అపార్ట్‌మెంట్లలో ఉన్న మా చుట్టాలు లిఫ్టు లేక నీళ్ళ క్యాన్లు మెట్ల మీద మోసుకున్నారు. మా పెరటి నుయ్యికి ఏళ్ళ క్రితమే రేకు మూత వేసి, పైన పాత డబ్బాలు పెట్టుకున్నాం. అత్తగారు ఆ రేకు తీయించి, అటక మీది ఇనప గిలక దింపించి, కొబ్బరినూనె రాసి బిగింపించారు. చేంతాడు లేదు. వీధి చివర బోటు ఉన్నాయన నైలాన్ తాడు తెచ్చిచ్చాడు. నీళ్ళు ఉప్పన, తాగడానికి పనికిరావు. స్నానాలకి, గిన్నెలకి అవే దిక్కయ్యాయి. తెల్లారి వీధి తలుపు తీసేసరికి బిందెలు వరసగా ఉన్నాయి. అత్తగారు అరుగు మీద కూర్చుని "పసిపిల్లలున్నవాళ్ళు ముందు రండమ్మా" అని పిలిచేవారు. ఎవరి నీళ్ళు వాళ్ళే తోడుకోవాలి, ముసలివాళ్ళకి మాత్రం కుర్రాళ్ళు తోడి ఇంటిదాకా మోసిపెట్టాలి. అది ఆవిడ షరతు. నైలాన్ తాడు ఒరిపిడికి అందరి అరచేతులూ బొబ్బలెక్కాయి.

అరుగు, వీధిలోకి తెరుచుకునే తలుపు ఉన్నచోటే ఇరుగుపొరుగు అనేది బతుకుతుంది. ఇది నా గట్టి నమ్మకం. గేటూ వాచ్‌మనూ ఉన్నచోట వాట్సాప్ గ్రూపు ఉంటుంది, అంతే.

నా బాధల్లా ఇక్కడ పెంకుటిల్లు కొన్నవాళ్ళ గురించే. కొనగానే చేసే మొదటి పని నుయ్యి పూడ్చి దాని మీద బైకులు పెట్టుకోవడం. మా కనకమహాలక్ష్మి అమ్మవారు 1912లో నూతిలోనే దొరికిందని చెప్పుకుంటారు. ఆ తల్లికి పైకప్పు లేదు, ఎవరైనా చేత్తో తాకి పసుపు కుంకుమ పెట్టొచ్చు. అలాంటి పేటలో నూతులు పూడుస్తుంటే చూడలేకపోతున్నాను. ఆదివారాలు వచ్చి పాత టౌన్‌హాలు ముందు ఫొటోలు దిగేవాళ్ళు ఒక్కరైనా దీని గురించి మాట్లాడితే బాగుండు.

ఇల్లు చూడటానికి వస్తే మార్గశిర గురువారం రండి. ఆ రోజు అమ్మవారి గుడి క్యూ ఎంత దూరం పోతుందో, ఆ జనం మధ్య మీరు ఉండగలరో లేదో తెలిసిపోతుంది. పెరట్లో నుయ్యి ఉందా, పూడ్చారా అని తప్పకుండా అడగండి. కారుంటే పార్కింగ్ సంగతి అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి, మా సందుల్లో రెండు ఆటోలు ఎదురుపడితేనే ఒకటి వెనక్కి పోవాలి.