దివ్యాంగులపై నేరాలకు శిక్షలు పెంచితే నల్లగొండ, మహబూబ్‌నగర్ జైళ్లు కిక్కిరిసిపోతాయా?

శిక్షాకాలం పెరిగినంత మాత్రాన జిల్లా జైళ్లు నిండిపోవు. ఎందుకంటే దేశంలోని ఖైదీల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మంది తీర్పు కోసం ఎదురుచూస్తున్న విచారణ ఖైదీలే, దీర్ఘకాల శిక్ష పడినవారిని సాధారణంగా చర్లపల్లి వంటి కేంద్ర కారాగారాలకు తరలిస్తారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షన్ ప్రకారం, దివ్యాంగులను నలుగురి ఎదుట ఉద్దేశపూర్వకంగా అవమానించడం వంటి నేరాలకు 6 నెలలకు తగ్గకుండా 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. కనీస శిక్షను చట్టమే నిర్ణయించడంతో, కేవలం జరిమానాతో సరిపెట్టే వీలు న్యాయమూర్తికి ఉండదు. ఆ మేరకు కొంత భారం పెరుగుతుంది. కానీ నా దృష్టిలో అసలు ఒత్తిడి బెయిలు దొరకకపోవడం వల్ల, వాయిదాల వల్ల వచ్చేదే. ఇదే చట్టంలోని 84వ సెక్షన్ సత్వర విచారణ కోసం సెషన్స్ కోర్టును ప్రత్యేక కోర్టుగా ప్రకటించమంటోంది. మన జిల్లాల్లో జైళ్ల రద్దీ శిక్షాకాలం కంటే ఆ కోర్టుల వేగంపైనే ఎక్కువగా ఆధారపడుతుంది.