బడి కమిటీ పగ్గాలు కొత్తగా పట్టిన అమ్మాయికి

అమ్మాయీ,

మీ ఊరి ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీకి నిన్ను ఛైర్‌పర్సన్‌గా ఎన్నుకున్నందుకు సంతోషం. మీటింగుకు నలుగురు కూడా రావట్లేదని, వచ్చినవాళ్లు సంతకం పెట్టి వెళ్లిపోతున్నారని రాశావు. అంతమాత్రాన వాళ్లకు పట్టదని తేల్చెయ్యకు. పొద్దున పదకొండింటికి పిలిస్తే కూలికి పోయే తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. పోగొట్టుకుని వస్తే వినేదేమిటి? మీవాడికి చదువు రావట్లేదు, చందా ఇవ్వండి. ఇంకోసారి ఎందుకొస్తుంది?

ముందు వేళ మార్చు. పట్నం నుంచి వచ్చే టీచర్లకు ఆఖరి బస్సు అందాలి కాబట్టి హెడ్మాస్టరు గారితో మాట్లాడి, నెల విడిచి నెలైనా సాయంత్రం పెట్టించు. నాట్లు, కోతలు జోరుగా సాగే వారాలు వదిలెయ్యి. ఒకసారి బడిలో పెడితే, మరోసారి ఎస్సీ కాలనీలో పెట్టు. కబురు వాట్సాప్‌లో పడేసి ఊరుకోకు, చాలా ఇళ్లలో ఫోను మగవాళ్ల జేబులో ఉంటుంది. డ్వాక్రా సంఘం మీటింగులో చెప్పించు. తరగతికి ముగ్గురు చొప్పున సభ్యులున్నారు కదా, అరవై మంది పిల్లల బడిలో ఒక్కొక్కరికి నాలుగైదు ఇళ్లు వస్తాయి. ముందురోజు వాళ్లే గుమ్మం దాకా వెళ్లి చెప్పాలి.

మీటింగు ముప్పావు గంట చాలు. మొదటి పావుగంట తరగతివారీగా కూర్చోబెట్టి, ఏ తల్లికి ఆమె బిడ్డ నోటుపుస్తకమే చూపించమను. బిడ్డ హాజరు, చదువు ఎలా ఉన్నాయో తల్లిదండ్రులకు చెప్పడం విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం టీచరు బాధ్యత. మార్కులు మాత్రం అందరి ముందూ చదవనివ్వకు. తలదించుకుని వెళ్లిన తండ్రి మళ్లీ ఆ గడప తొక్కడు. తర్వాత కిందటి తీర్మానాల్లో ఏవి అయ్యాయి, ఏవి కాలేదు. ఆఖరున ఒకే ఒక్క కొత్త విషయం. ఐదారు విషయాలు పెట్టుకుంటే ఏదీ తేలదు.

తీర్మానాల పుస్తకంలో ఏ పని, ఎవరు చేయాలి, ఏ తేదీకి అన్న మూడూ ఉండాలి. వేలిముద్ర వేసేవాళ్లకు పైకి చదివి వినిపించాకే వేయించు. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టమని ఎవరడిగినా పెట్టకు. అన్నట్టు, నీ కుర్చీలో మీ ఆయన కూర్చోకూడదు. చట్టం కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలన్నది పేరు రాసుకోవడానికి కాదు.

మొదటి పనిగా నెలలో అయిపోయేది, పిల్లలు ఇంటికెళ్లి చెప్పుకునేది ఎంచుకో. ఆడపిల్లల మరుగుదొడ్డి చూడు. గది ఉంటుంది, గడియ ఉండదు. ట్యాంకు ఉంటుంది, మోటారు స్టార్టరు కాలిపోయి ఉంటుంది, లేదా పొద్దున్నే స్విచ్ వేసే మనిషి ఉండడు. ప్రభుత్వ బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయల గ్రాంటు. అందులో కనీసం పదో వంతు, అంటే 2,500 రూపాయలు, పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలి. గడియకు, మగ్గులకు, స్టార్టరు రిపేరుకు ముందు ఆ డబ్బు సంగతి అడుగు. ఒకేసారి పడకపోవచ్చు. పడినది, ఖర్చయినది గోడమీద రాయించు. మొదటి ఆరు నెలలు చందా మాట ఎత్తకు.

మధ్యాహ్న భోజనం దగ్గర చాలా కమిటీలు తగువులాడి చెడతాయి. ప్రాథమిక బడిలో పిల్లకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. యాభై మంది వచ్చిన రోజు 5 కిలోల బియ్యం, కిలో పప్పు, రెండున్నర కిలోల కూరగాయలు, పావు కిలో నూనె. మెనూ రోజూ మారుతుంది కాబట్టి గోడమీద ఉన్నదానితో పోల్చుకోవాలి. వండకముందే కాటా వేయాలి, ఉడికాక తగువుపడి లాభం లేదు. హాజరు పట్టీలో తలలు, భోజనం రిజిస్టరులో తలలు ఒకటేనా అన్నది కూడా చూడు. రోజుకు ఇద్దరు తల్లులు వంతులవారీగా వచ్చి రుచి చూడాలి, పిల్లలతో పాటే కూర్చుని తినాలి. పప్పు నీళ్లలా ఉందని వంటమనిషి మీద విరుచుకుపడే ముందు, ఆమెకు బిల్లు ఎన్ని నెలలుగా రాలేదో అడుగు. సరుకు అప్పుమీద తెస్తుంటే కొలత తగ్గడం మొదలవుతుంది. అప్పుడు కమిటీ చేయాల్సిన పని బిల్లు కోసం మండల విద్యాధికారి (ఎంఈవో) గారికి రాయడం. కొలత ఉండి కూడా పిల్లల పళ్లెంలోకి రాకపోతే అది వేరే సంగతి, గట్టిగానే అడుగు.

హెడ్మాస్టరు గారికి తెలియకుండా పైవాళ్లకు అర్జీ పెట్టకు. ఆయన కమిటీకి సభ్య కన్వీనరు. ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు, ఆపైన ఫోన్లో యాప్‌ల పని. ఖాళీ పోస్టు నింపమని ఆయన అడిగితే ఒక కాగితం. తల్లిదండ్రులు తీర్మానం చేసి, దాని నంబరు, తేదీ వేసి పంపి, అందినట్టు సంతకం తీసుకుంటే దాని బరువు వేరు. ఆయన పక్షాన ఒక్కసారి నిలబడితే, లెక్కలు అడిగినప్పుడు ఆయన ముఖం చిట్లించరు.

2024 డిసెంబర్ 7న, 2025 జూలై 10న మన ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగుల లాంటివి మళ్లీ వస్తే ఆ జనాన్ని వదులుకోకు. మైకులో ఎవరు ఏం ఇస్తామన్నారో ఒకరిని కూర్చోబెట్టి రాయించి, ఆ కాగితాన్ని తర్వాతి నెల మీటింగులో మొదట తియ్యి.

చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది మీ కమిటీయే. ఎక్కడో తయారైన కాగితం మార్చిలో సంతకానికి రానివ్వకు, డిసెంబర్‌లోనే మొదలుపెట్టు. ఈలోగా పాత తీర్మానాల పుస్తకం ఇంటికి తెచ్చుకోకుండా బడిలోనే కూర్చుని చదువు. ప్రతి ఏడాదీ రాసి ఎప్పుడూ కాని పనుల పక్కన ఎందుకు కాలేదో హెడ్మాస్టరు గారిని అడిగి రాసుకుని, ఆ పట్టీ నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు