చీగాంగ్ మొదలుపెట్టే ముందు పెద్దమ్మ చెప్పే నాలుగు మాటలు

చి.సౌ. లక్ష్మికి,

సింగపూర్ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. నాన్నకు బీపీ, నడకలో తూలు, నీకేమో నిద్ర పట్టదు. ఊపిరితో కలిపి మెల్లగా చేసే చైనావాళ్ల కసరత్తు, చీగాంగ్, నేర్పే ఆ శిబిరంలో ఇద్దరూ కలిసి చేరాలా అని అడిగావు. చేరొద్దు. షుగరు, బీపీ మందుల్లేకుండా మాయం చేస్తామని కరపత్రం వేసుకున్నవాళ్లకి డబ్బు కట్టాల్సిన పనేమీ లేదు. చీగాంగ్ మాత్రం చెయ్యండి. మా బ్లాకు కింద ఖాళీ జాగాలో చైనీస్ అమ్మమ్మలతో కలిసి ఏళ్ల తరబడి చేస్తున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

చీగాంగ్‌లో పద్ధతులు లెక్కలేనన్ని. మీరు బాదువాన్‌జిన్ ఒక్కటే పట్టుకోండి. ఎనిమిది కదలికలు, అన్నీ నిలబడే చేసేవి, మొత్తం పావుగంటలో అయిపోతుంది. 2003లో చైనా క్రీడల శాఖ దీన్నీ, ఇంకో మూడు పద్ధతుల్నీ సరిచేసి, ఒక వరసలో పెట్టి జనానికి నేర్పించింది. ఈ రకం కసరత్తు మాత్రం చాలా పాతది. హునాన్‌లోని మావాంగ్‌దుయ్‌లో క్రీ.పూ. 168 నాటి సమాధి ఒకటి తవ్వితే, పట్టుగుడ్డ మీద కసరత్తు చేస్తున్న 44 మంది బొమ్మలు దొరికాయి. అందులో ఆడా మగా, చిన్నా పెద్దా అందరూ ఉన్నారు.

మనకు యోగా ఉండగా ఇదెందుకని మీ అమ్మ అడుగుతుంది, నాకు తెలుసు. యోగా వచ్చినవాళ్లు మానెయ్యక్కర్లేదు. కానీ నాన్న కింద కూర్చుంటే లేవడానికి మంచం కోడు పట్టుకోవాలి కదా! దీనికి చాప అక్కర్లేదు, కూర్చోవడం అక్కర్లేదు, లుంగీలోనైనా చెయ్యొచ్చు.

మొదటి కదలిక రాసి పెడుతున్నాను, వారం రోజులు ఇదొక్కటే చెయ్యండి. కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు బిగించకుండా నిలబడాలి. బొడ్డు కింద రెండు చేతుల వేళ్లూ అల్లుకుని, అరచేతులు పైకి ఉండేలా ఛాతీ దాకా తేవాలి. అక్కడ అరచేతులు తిప్పి నెత్తి మీదికి నెట్టాలి, చూపు చేతుల వెంటే పోవాలి. ఒక్క క్షణం ఆగి, చేతులు విడదీసి, పక్కల నుంచి మెల్లగా దించుతూ మోకాళ్లు కాస్త వంచాలి. ఎత్తేటప్పుడు ఊపిరి లోపలికి, దించేటప్పుడు బయటికి. ఊపిరి బిగబట్టకూడదు. అందరికీ ఒకచోటే తేడా వస్తుంది: చేతులతోపాటు భుజాలూ చెవుల దాకా లేస్తాయి. మా గుంపును నడిపే పెద్దావిడ నోటితో ఏమీ అనదు, వెనక నుంచి వచ్చి రెండు వేళ్లతో భుజం మీద తడుతుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేదానివి, నీ మెడనొప్పి సగం అక్కడే ఉంది, చూసుకో.

దీని బలమంతా నిదానంలోనే ఉంది. నిండు బిందె ఎత్తుకున్నంత జాగ్రత్తగా ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తుంటే తొడలూ చీలమండలూ పనిచేస్తాయి, తూలు తగ్గుతుంది. చీగాంగ్‌కి తోబుట్టువులాంటి తాయ్ చీ మీద మంచి పరిశోధనలే జరిగాయి. అమెరికాలోని ఒరెగాన్‌లో పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్న 195 మందిని మూడు జట్లు చేసి ఆరు నెలలు చూస్తే, శరీరాన్ని నిలదొక్కుకోవడంలో తాయ్ చీ జట్టే ముందుంది. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. బీజింగ్‌లో బీపీ కొంచెం ఎక్కువగా ఉన్న 342 మందిని రెండు జట్లు చేసి ఏడాది పాటు చూస్తే, తాయ్ చీ చేసినవాళ్లకు పై అంకె సగటున ఏడు పాయింట్లు తగ్గింది, ఏరోబిక్స్ చేసినవాళ్లకు ఐదులోపే. అది 2024 మాట. చీగాంగ్ మీద అధ్యయనాలకు కొదవ లేదు గానీ చాలావాటిలో మనుషులు తక్కువ. నమ్మకం వల్ల ఎంత, కసరత్తు వల్ల ఎంత అని విడదీయడమూ కష్టమే. ఏడు పాయింట్లు తగ్గడం మంచిదే, అలాగని నాన్న మాత్రలు మానే మాటే లేదు.

నీ నిద్ర సంగతి. నిమిషానికి ఆరేడు ఊపిరులకు దిగితే గుండె దడ నెమ్మదిస్తుంది, టెన్షన్ దిగుతుంది. చెయ్యి ఎక్కడుంది, బరువు ఏ కాలి మీదుంది అని చూసుకుంటుంటే రేపటి మీటింగ్ గురించి తలచుకునే తీరిక మనసుకు దొరకదు. నాలుగు రోజుల్లో నిద్ర ముంచుకొస్తుందనుకోకు, రెండు మూడు నెలలు పడుతుంది. దిగులు మరీ ఎక్కువైతే మాత్రం నాకు కాదు, డాక్టరుకు ఫోన్ చెయ్యి.

ఇంకో సంగతి కరపత్రాలవాళ్లు చెప్పరు. 1980లలో చైనాలో చీగాంగ్ పిచ్చి పట్టినట్టు వ్యాపించింది. దూరం నుంచే శక్తి పంపి రోగాలు కుదురుస్తామనే గురువులు బయల్దేరారు. గంటల కొద్దీ కళ్లు మూసుకుని శక్తి కోసం వెతుక్కున్నవాళ్లలో కొందరికి మతి చలించింది. 1994లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో కూడా దీన్ని చేర్చారు. గతంలో మానసిక జబ్బుకు మందులు వాడినవాళ్లు లోతైన ధ్యానాల జోలికి డాక్టరును అడగకుండా పోకూడదు. మీరు కళ్లు తెరుచుకునే చెయ్యండి.

నాన్న ఆరో కదలికలో పాదాలు అందుకోవాలని తల వేలాడెయ్యకూడదు. బీపీకీ, కంట్లో ప్రెజర్ ఉన్నవాళ్లకీ అది పనికిరాదు, తొడల దాకా వంగితే చాలు. ఐదోదానిలో బాగా కిందికి దిగి ఊగాలి, మోకాళ్ల ఎక్స్‌రే చూసిన డాక్టరును అడిగాకే మొదలుపెట్టించు. ఎనిమిదోది మడమలు ఎత్తి నేలకు తాటించడం, గోడకు దగ్గరగా నిలబడి మెత్తగా దించమను. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోమను.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి, రెండో కదలిక చూపిస్తాను. మీకు పొద్దున ఆరైతే మాకు ఎనిమిదిన్నర. తొమ్మిది దాటితే నేను మార్కెట్‌కి వెళ్లిపోతాను.

మీ పెద్దమ్మ