లోపలున్నది బయటపడటమే మేనిఫెస్టేషన్

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటోంది. ‘నాకు ఉద్యోగం వచ్చేసింది’ అని పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం ఆరుసార్లు, రాత్రి తొమ్మిదిసార్లు నోటుబుక్కులో రాస్తోంది. ఏంటమ్మా అంటే మేనిఫెస్టేషన్ అంటోంది. మొన్న మా ఆడబిడ్డ ఆస్పత్రి కాగితంలోనూ ఇదే మాట చూశాను. దీని అర్థమేంటి? తెలుగులో ఏమనాలి?
– ఒక తల్లి, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: అమ్మా, ఈ మాట నాకు నా పళ్ల వల్ల తెలిసింది. మాది కనిగిరి పక్క పల్లె. చిన్నప్పుడు బోరింగు నీళ్లే తాగాం. నా ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలుంటాయి. ఎంత తోమినా పోవు. ఉద్యోగంలో చేరాక ఒంగోలులో చూపించుకుంటే డాక్టరుగారు చీటీ మీద ఫ్లోరోసిస్ అని రాసి, కింద ‘డెంటల్ మేనిఫెస్టేషన్’ అన్నారు. అంటే ఏంటని అడిగాను. ఆయన చిన్న అద్దం నా చేతికిచ్చి, “ఈ చారలు నిన్నమొన్న పడ్డవి కావు. పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులోనే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎనామిల్‌ను పాడుచేసింది. పన్ను పైకొచ్చాక మీకు కనపడింది” అన్నారు. మా దర్శి, పొదిలి, కనిగిరి వైపు నీళ్ల సంగతి 1937లోనే వైద్య పత్రికకెక్కింది. అప్పుడవి మీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి.

ముందే లోపలున్నది కంటికి కనపడేలా బయటపడటం. ఈ మాటకు అసలు అర్థం అదే. దీని మూలం లాటిన్‌లో ఉంది, అందులో ‘చెయ్యి’ అనే మాట దాగుంది. దొంగతనం చేస్తూ చేతికి చిక్కినవాణ్ని రోమన్లు ఈ మాటతోనే పిలిచేవారు. అలా దొరికితే సొమ్ముకు నాలుగింతలు కట్టాలి, తర్వాత దొరికితే రెండింతలే. కృష్ణపట్నం రేవుకొచ్చే ఓడ కడుపులో ఏముందో చెప్పే సరుకుల జాబితా మేనిఫెస్ట్. పార్టీలు తమ ఉద్దేశాలు బయటపెట్టేది మేనిఫెస్టో.

తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టలేం. జబ్బు విషయంలో ‘లక్షణం’ చాలు. దేవుడి విషయంలో ‘ఆవిర్భావం’. పెంచలకోన నరసింహస్వామిని స్వయంభువు అంటాం కదా, ఆ భావం. కవిత్వం గురించైతే ‘అభివ్యక్తి’. నాకు మాత్రం ‘బయటపడటం’ ఇష్టం. కాకపోతే గండం నుంచి తప్పించుకోవడాన్నీ అలాగే అంటాం, కాబట్టి వాక్యం చూసి వాడుకోవాలి. మనిషిలో ముందే ఉన్న పరిపూర్ణత వెలికి రావడమే విద్య అని వివేకానందుడు చెప్పినప్పుడు ఇంగ్లీషులో వాడింది ఈ మేనిఫెస్టేషన్ అనే మాటనే.

మీ అమ్మాయి వాడుక కొత్తది. కోరుకున్నది గట్టిగా ఊహిస్తే జరుగుతుందనే నమ్మకం. దీని మూలంగానే 2024లో కేంబ్రిడ్జ్ నిఘంటువు మేనిఫెస్ట్‌ను ఆ ఏటి మాటగా ఎంచింది. రాసినంత మాత్రాన ఉద్యోగం వస్తుందని నేను నమ్మను. అలాగని ఆ పుస్తకం లాక్కోకండి, పిల్ల అసలే టెన్షన్‌లో ఉంటుంది. ఎదురు పేజీలో ఆ రోజు పంపిన అప్లికేషన్, ఇంటర్వ్యూలో తడబడిన ప్రశ్న, కొత్తగా నేర్చుకున్న సంగతి రాయమనండి. రోజుకు పద్దెనిమిదిసార్లు రాసే ఓపికున్న పిల్ల, ఇదీ రాస్తుంది.

మీ ఆడబిడ్డ కాగితంలో ఆ మాట పక్కన జబ్బు పేరు ఉండి ఉంటుంది. అదేంటో డాక్టరుగారినే అడగండమ్మా.