ఎద్దుకు ఒకటిన్నర, గుర్రానికి పద్నాలుగా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. పెళ్లి ఊరేగింపులకని మగ గుర్రాన్ని సాకుతున్నాం. మూడేళ్లు నిండాయి. ఆడ గుర్రం వాసన తగిలితే చాలు, పట్టుకోవడం మా వల్ల కావడం లేదు. అందుకే విత్తులు తీయించాలనుకుంటున్నాం. మా బావమరిది గుర్రానికి ఇదే ఆపరేషన్ చేస్తుంటే దగ్గరుండి చూశాను. మొదటి ఇంజెక్షన్‌కే సిరంజిలోకి పద్నాలుగు ఎం.ఎల్ దాకా లాగారు. అదే మందు మా ఎద్దు గిట్ట కోసినప్పుడు ఒకటిన్నర ఎం.ఎల్ ఇస్తే కూలబడిపోయింది. గుర్రమేమో అంత మందు ఎక్కినా నిలబడే ఉంది! డాక్టరు వాచీ చూసుకుంటూ ఊరికే నిలబడి, ఆ తర్వాత ఇంకో ఇంజెక్షన్ ఇచ్చారు. ఒక్క దెబ్బకు పడుకోబెట్టే మందు లేదా? అంత డోసుకు గుండె ఆగిపోదా? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చూసిన లెక్క అక్షరాలా నిజం. ఆ డాక్టరు చేసిందీ సరైన పనే. మందు పేరు జైలజీన్. మనుషుల రక్తపోటు తగ్గిద్దామని 1962లో జర్మనీలోని బేయర్ కంపెనీలో తయారుచేస్తే, చివరికి పశువుల డాక్టర్ల సంచిలో చేరింది. గొడ్లకు ఇది గుర్రాలకంటే పదింతలు ఎక్కువగా పనిచేస్తుంది. నరంలోకి ఇచ్చేటప్పుడు గుర్రానికి కిలో బరువుకు 1.1 మిల్లీగ్రాముల దాకా పడుతుంది. ఎద్దుకు 0.1 చాలు, ఒక్కోసారి అందులో సగమే చాలు. ఎం.ఎల్‌కు 20 మిల్లీగ్రాములుండే సీసా అనుకుంటే, 300 కిలోల ఎద్దుకు ఒకటిన్నర ఎం.ఎల్. 265 కిలోల గుర్రానికి పద్నాలుగున్నర. భయపడాల్సింది దీనికి తిరగేసి జరిగినప్పుడు. గుర్రం డోసు పొరపాటున ఎద్దుకు పడిందా, ఆ ఎద్దు మళ్లీ లేవకపోవచ్చు.

బరువు ఎలా తెలుస్తుందంటారా? ఊళ్లో గుర్రాన్ని ఎక్కించే కాటా ఎక్కడుంటుంది! టైలర్ టేపు చాలు. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే ఇంచుమించు కిలోలు వస్తాయి. 150 చుట్టుకొలత, 140 పొడవు ఉంటే 265. ఇది మీరే కొలిచి కాగితం మీద రాసి పెట్టుకుంటే, ఆ రోజు డాక్టరు కంటి అంచనా మీద ఆధారపడక్కర్లేదు.

ఇక రెండు ఇంజెక్షన్ల సంగతి. జైలజీన్ గుర్రాన్ని మగతలోకి దించుతుందే గానీ పడుకోబెట్టదు. పడుకోబెట్టేది రెండోది, కెటమిన్. మగత ఎక్కని గుర్రానికి ఆ కెటమిన్ ఒక్కటే ఇచ్చి చూస్తే కాళ్లు కట్టెల్లా బిగుసుకుంటాయి, గుర్రం వణుకుతుంది, వెర్రెత్తినట్టు కొట్టుకుంటుంది. అంత బరువున్న జీవం అలా కొట్టుకుంటే దానికీ ప్రమాదమే, పట్టుకున్నవాడికీ ప్రమాదమే. మీకు ఊరికే నిలబడినట్టు కనిపించిన ఆ నాలుగైదు నిమిషాలే అసలు వైద్యం. డాక్టరు చూసేది వాచీ కంటే ఎక్కువగా గుర్రం తలనే. తల మోకాళ్ల దాకా వాలాలి. కింది పెదవి జారాలి. కాళ్లు ఎడంగా పెట్టి తూలుతూ నిలబడాలి. చెవిలో వేలు పెట్టినా పట్టించుకోకూడదు. ఇవి కనపడకపోతే జైలజీన్ ఇంకొంచెం ఇచ్చి ఆగుతారు. అప్పటికీ మగత రాకపోతే కెటమిన్ ముట్టుకోకుండా ఆపరేషన్ వాయిదా వేసే డాక్టరు దొరికితే వదులుకోకండి. మగత సరిగ్గా ఉంటే కెటమిన్ పడ్డాక ఒకటి రెండు నిమిషాల్లో మెల్లగా కూర్చున్నట్టే ఒరిగిపోతుంది. కోతకు దొరికే సమయం పది, ఇరవై నిమిషాలు.

ఇక్కడే మనవాళ్లతో వస్తుంది తంటా. గుర్రానికి ఆపరేషన్ అంటే సగం ఊరు అక్కడే ఉంటుంది. ఒకడు సెల్‌ఫోన్లో వీడియో తీస్తుంటాడు, ఒకడు బుల్లెట్ బండి స్టార్ట్ చేస్తాడు, పిల్లలు గోడెక్కుతారు. ముందే బెదిరి ఉన్న గుర్రానికి మగత మందు సరిగా ఎక్కదు. ఎంత పోసినా తల ఎత్తి ఎత్తి చూస్తుంటుంది. ఇంజెక్షన్‌కు ముందూ తర్వాతా మీరూ డాక్టరూ ఇంకో మనిషీ తప్ప ఎవరూ ఉండొద్దు. చెవుల్లో దూది పెట్టండి. ఇంకో మాట, తల వాల్చిన గుర్రం వెనక్కి మాత్రం వెళ్లొద్దు. ఈ మగతలో ఉన్న గుర్రం కూడా ఉన్నట్టుండి తంతుంది, గురి తప్పదు.

మీవైపు ఇళ్ల ముందు కడప బండలు పరిచి ఉంటాయి. వాటి మీద మాత్రం పడుకోబెట్టనివ్వకండి. పడేటప్పుడు తల తగులుతుంది, లేచేటప్పుడు గిట్టలు జారతాయి. రాళ్లు ఏరేసిన గడ్డినేల చూడండి. గుర్రం పడుకోగానే తలకున్న హాల్టర్ (ముఖానికి కట్టే పట్టీ) విప్పేయమనండి. దాని బకిల్ చెంప కింద నొక్కుకుని ముఖం నరం దెబ్బతింటే పెదవి ఓ పక్కకు వంకరపోతుంది. కళ్ల మీద తువ్వాలు కప్పాలి.

గుండె సంగతికొస్తే, మీ భయం ఉత్తది కాదు. జైలజీన్‌తో గుండె నెమ్మదిస్తుంది, మధ్యమధ్యలో ఒక్కో కొట్టు తప్పుతుంది, రక్తపోటు ముందు పెరిగి తర్వాత తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రం దీన్ని తట్టుకుంటుంది. అందుకే ముందు స్టెతస్కోప్ పెట్టించండి. పూర్తి మత్తు మాత్రం గుర్రానికి కుక్కకంటే చాలా ప్రమాదం. 2002లో అచ్చయిన అంతర్జాతీయ సర్వేలో, కడుపునొప్పి ఆపరేషన్లు పక్కనపెట్టినా, మత్తిచ్చిన గుర్రాల్లో వందకు దాదాపు ఒకటి వారంలోపు చనిపోయింది. లేచేటప్పుడు కాలు విరగడం కూడా అందులో ఒక పెద్ద కారణం. మగత బాగా కుదిరితే లేవడమూ నెమ్మదిగా జరుగుతుంది. తొందరపెట్టి లేపకండి.

ముందురోజు రాత్రి నుంచి మేత, దాణా ఆపండి, నీళ్లు ఆపకండి. నిండు కడుపు ఊపిరితిత్తుల మీద పడుతుంది. ధనుర్వాతం టీకా తప్పనిసరి, గుర్రాలకు ఆ జబ్బు అంటినంత సులువుగా ఇతర పశువులకు అంటదు. ఈ మధ్య సల్ఫా (సూక్ష్మక్రిములను అణిచే మందు) ఇంజెక్షన్లేమైనా చేయించి ఉంటే డాక్టరుకు చెప్పండి, కొన్ని మత్తుమందులతో కలిస్తే గుండె లయ తప్పుతుంది. ఎవరో చెప్పారని షాపులో ట్రైఫ్లుప్రోమజైన్ అనే మగత మందు కొని ముందే పొడిచేయొద్దు. మగ గుర్రానికి ఆ జాతి మందులతో అంగం బయటికి జారి లోపలికి పోకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. పైగా మెడలో ఇంజెక్షన్ ఇచ్చే నరం కిందే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని ఉంటుంది. సూది అందులోకి వెళ్లిందంటే గుర్రం అక్కడికక్కడే ఫిట్స్ వచ్చి పడిపోతుంది.

మే ఎండల్లో పెట్టుకోకండి. ఈగలు తక్కువుండే చలికాలం పొద్దున్నే మేలు. మీ ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది, ముందు అక్కడ అడగండి.

ప్రశ్న: మా ఆడ గుర్రానికి పళ్లు అరగదీయించడానికి మగత ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాత మెడంతా చెమట, ఆగకుండా మూత్రం. షుగర్ వచ్చిందా? (ఆదోని పాఠకుడు)

జవాబు: రాలేదు. ఆ మందు కొన్ని గంటలపాటు ఇన్సులిన్‌ను అణిచేసి రక్తంలో చక్కెర పెంచుతుంది, మూత్రాన్నీ ఎక్కువ చేస్తుంది. చెమట కూడా దాని పనే. నీళ్లు దగ్గర పెట్టండి. గడ్డి మాత్రం తల పూర్తిగా ఎత్తి, చుట్టూ చూసి, మామూలుగా నడిచాకే వేయండి. మగతలో నమిలితే గొంతులో అడ్డం పడుతుంది.