లాస్ ఏంజెలెస్‌లో ఎక్కడ దిగాలి? – ప్రయాణ సందేహాలకు సమాధానాలు

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. అక్టోబరులో నేనూ మావారూ అక్కడికి వెళ్తున్నాం. అటు నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లి ఐదు రాత్రులు ఉండాలనుకుంటున్నాం. అమ్మాయికి సెలవు దొరకదు, మాకిద్దరికీ కారు నడపడం రాదు. డౌన్‌టౌన్‌లో దిగితే అన్నీ దగ్గరగా ఉంటాయని ఒకరు, విమానాశ్రయం పక్కన గదులు చవకని ఇంకొకరు చెబుతున్నారు. సముద్రతీరం, హాలీవుడ్, యూనివర్సల్ స్టూడియో, గ్రిఫిత్ అబ్జర్వేటరీ, మాలిబూ వేంకటేశ్వరస్వామి గుడి చూడాలని ఉంది. మావారికి మోకాళ్ల నొప్పులు. ఎక్కడ గది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, హోటలు వెతకడం కాసేపు పక్కన పెట్టి, మీరు చూడాలనుకున్న చోట్లలో ఏది దేనికి దగ్గరో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఊరి నడుమ దిగితే అన్నీ దగ్గరే అన్న సలహా మన దగ్గర చాలా ఊళ్లకు సరిపోతుంది గానీ, లాస్ ఏంజెలెస్‌కు సరిపోదు. ఆ నగర విస్తీర్ణమే దాదాపు 1,200 చదరపు కిలోమీటర్లు, అంటే మన గ్రేటర్ వరంగల్‌కు సుమారు మూడింతలు. దాన్ని ఆనుకొని ఉన్న శాంటా మోనికా, బెవర్లీ హిల్స్, పాసడీనా వంటివాటిని మనం లాస్ ఏంజెలెస్ అనే అనుకుంటాం గానీ అవి వేరే నగరాలు. మన జిల్లా లాంటి లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఇలాంటి నగరాలు మొత్తం 88 ఉన్నాయి. ఒకప్పుడు ఆ ప్రాంతమంతటా తిరిగిన ఎర్రని ఎలక్ట్రిక్ రైలు బండ్ల దారుల వెంట ఊళ్లు దూరదూరంగా పెరిగాయి. చివరి ఎర్రబండి 1961లో ఆగిపోవడంతో ఆ ఊళ్లను కలిపే పని ఫ్రీవేల మీద, అంటే సిగ్నళ్లు లేని వెడల్పాటి కార్ల రహదారుల మీద పడింది. పట్టాల మీద నడిచే మెట్రో మళ్లీ వచ్చింది 1990లోనే. కారు లేనివారు ఆ మెట్రో దారి వెంటే బస చూసుకోవాలి.

భద్రకాళి అమ్మవారి దర్శనానికి వచ్చే చుట్టం వరంగల్ స్టేషన్ పక్కన లాడ్జిలో దిగినా పెద్ద ఇబ్బంది లేదు, షేర్ ఆటో ఎక్కి హనుమకొండ చేరుకుంటాడు. లాస్ ఏంజెలెస్‌లో అలా చెయ్యి ఎత్తితే ఆగే బండి లేదు, దూరాలూ పదుల కిలోమీటర్లలో ఉంటాయి. కాబట్టి దిగే చోటులో పొరపాటు జరిగితే ఆ భారం ప్రతి రోజూ మీ మీదే పడుతుంది.

అదృష్టవశాత్తు మీ జాబితాలో మూడు చోట్లు ఒకే రైలు దారి మీద ఉన్నాయి. మెట్రో బి లైన్‌లో హాలీవుడ్–హైలాండ్ స్టేషన్ నుంచి పైకి వస్తే సినీ తారల పేర్లతో నేల మీద నక్షత్రాలు పొదిగిన ఆ ప్రసిద్ధమైన కాలిబాట ఎదురవుతుంది. అక్కడి నుంచి ఉత్తరంగా తర్వాతి స్టేషనే యూనివర్సల్ సిటీ. దాని ఎదుటి కాలినడక వంతెన దాటితే కొండ మీది స్టూడియో దాకా ఉచితంగా తీసుకెళ్లే ట్రామ్ ఉంటుంది కనుక మీవారు ఆ ఎత్తు ఎక్కే పని లేదు. హాలీవుడ్–హైలాండ్ నుంచి రెండో వైపు మూడో స్టేషనైన వర్మాంట్–సన్‌సెట్‌లో దిగితే గ్రిఫిత్ అబ్జర్వేటరీకి డ్యాష్ అనే చిన్న సిటీ బస్సు దొరుకుతుంది. 1935లో తెరిచిన ఆ అబ్జర్వేటరీకి ప్రవేశ రుసుము లేదు. సోమవారం సెలవు, మంగళవారం నుంచి శుక్రవారం వరకు మధ్యాహ్నం 12 గంటలకు గానీ తెరవరు. మధ్యాహ్నం భోంచేసి బయలుదేరి, పొద్దుగుంకాక కింద ఊరంతా దీపాలు వెలిగే వేళ దాకా ఉండండి. అంత పెద్ద ఊరు ఎంత దూరం పరుచుకుందో అక్కడి నుంచి చూస్తేనే తెలుస్తుంది.

శాంటా మోనికా సముద్రతీరం పూర్తిగా పడమటి అంచున ఉంది. హాలీవుడ్ నుంచి రైల్లో వెళ్లాలంటే ముందు డౌన్‌టౌన్‌కు వచ్చి ఇ లైన్‌కు మారాలి. గంటకు పైగా పడుతుంది. ఖర్చు పెద్దది కాదు. ట్యాప్ కార్డుతో (ముందే డబ్బు వేసుకొని వాడే మెట్రో కార్డు) ఒక ప్రయాణానికి 1.75 డాలర్లు, రెండు గంటల లోపు బండి మారితే మళ్లీ తీసుకోరు, రోజు మొత్తానికి 5 డాలర్లు దాటనివ్వరు. అయితే అలసట ఉంటుంది. అందుకని మీరు ఒకేచోట ఐదు రాత్రులూ ఉండకుండా మొదటి మూడు రాత్రులు హాలీవుడ్–హైలాండ్ లేదా యూనివర్సల్ సిటీ స్టేషన్‌కు నడిచిపోగలిగే దూరంలోనూ, చివరి రెండు రాత్రులు శాంటా మోనికాలోనూ ఉండమని నా సలహా. పెట్టెలతో ఒకసారి మారాలి, ఆ రోజుకు ఒక క్యాబ్ పెట్టుకుంటే సరిపోతుంది. తిరుగు ప్రయాణానికి విమానాశ్రయం కూడా శాంటా మోనికాకే దగ్గర. అక్కడ గది అద్దె ఎక్కువే గానీ, మీ వయసు వారికి ఆ రెండు రాత్రుల మీద పెట్టే డబ్బు వృథా కాదని గట్టిగా నమ్ముతాను. రైలు స్టేషన్ నుంచి కొన్ని నిమిషాలు నడిస్తే తీరం వస్తుంది, కార్లను రానివ్వని దుకాణాల వీధి ఉంది, సముద్రం అంచున ఎత్తు మీద బెంచీలు వేసిన పాలిసేడ్స్ పార్కు ఉంది. సాయంత్రం ఎవరినీ అడగకుండా ఇద్దరూ నడుచుకుంటూ వెళ్లి చాయ్ తాగి రాగలిగే చోట్లు ఆ మహానగరంలో ఎన్నో లేవు.

విమానాశ్రయం పక్కన చవక అన్న మాట నిజమే. కానీ అక్కడి హోటళ్ల ఉచిత వ్యాను సాధారణంగా విమానాశ్రయానికే పోతుంది, ఊళ్లోకి పోదు. చుట్టూ వెడల్పాటి రోడ్లే తప్ప సాయంత్రం తిరగడానికి ఏమీ ఉండదు. తెల్లవారుజామున విమానం ఉంటే ముందు రాత్రికి మాత్రం బాగుంటుంది. డౌన్‌టౌన్‌లో చాలా రైలు దారులు కలుస్తాయి గానీ, కార్యాలయాలు మూసేశాక చాలా వీధులు ఖాళీ అయిపోతాయి. మీ జాబితాలో ఒక్క చోటు కూడా అక్కడ లేదు.

గది తీసుకునేటప్పుడు హోటలు పేరును నమ్మకుండా చిరునామా చదవండి. నార్త్ హాలీవుడ్ అంటే హాలీవుడ్‌కు ఉత్తరపు వీధి కాదు, కొండలకు అవతలి లోయలో ఉన్న వేరే పేట; అయినా బి లైన్ చివరి స్టేషన్ అక్కడే కాబట్టి మీకు పనికి వస్తుంది, అద్దె నచ్చితే ఆలోచించవచ్చు. వెస్ట్ హాలీవుడ్ పేరు వినడానికి ఇంకా దగ్గరగా ఉన్నా అది వేరే నగరం, దానికి మెట్రో రైలు లేదు. ఫోనులో మ్యాప్ తెరిచి, హోటలు నుంచి స్టేషన్‌కు నడక ఎంతో చూడండి. పది నిమిషాలు దాటితే వదిలేయండి. క్యాబ్‌లో వెళ్లే చోట్లకు మంగళవారం సాయంత్రం 5 గంటలకు బయలుదేరినట్టు సమయం పెట్టి చూడండి. ఖాళీ రోడ్డు మీద అరగంట చూపించే దారి అప్పుడు గంటా గంటన్నర చూపిస్తుంది.

అద్దెను విడిగా పోల్చవద్దు. ఉదాహరణకు స్టేషన్‌కు దూరంగా 130 డాలర్ల గది, దగ్గరలో 180 డాలర్ల గది ఉన్నాయనుకుందాం. మొదటి దాని నుంచి రోజూ రానూ పోనూ క్యాబ్‌కు 60 డాలర్లు అయితే చవకైనది రెండోదే. అమెరికాలో 2025 మే నుంచి హోటళ్లు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరనే ముందుగా చూపించాలన్న నిబంధన అమలులో ఉంది. పన్ను మాత్రం ఆ పైన పడవచ్చు కాబట్టి ఆఖరి మొత్తం చూశాకే డబ్బు కట్టండి.

మీవారి మోకాళ్ల కోసం ఒక్క మాట. అక్కడి చాలా గదుల్లో స్నానానికి టబ్ ఉంటుంది, దాని అంచు మోకాలెత్తు దాటి లోపల కాలు పెట్టాలి. అంచు లేని వాక్-ఇన్ షవర్ ఉన్న గది కావాలని ముందే రాసి, జవాబు వచ్చాకే ఖాయం చేసుకోండి. గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయో లేదో కూడా అడగండి, పెరుగన్నానికి అవి చాలు.

మాలిబూ గుడి పేరుకు మాలిబూ గానీ ఉన్నది కాలబాసస్‌లో, శాంటా మోనికా కొండల మధ్య. అక్కడికి మీకు అనువైన బస్సు లేదు. హాలీవుడ్ నుంచి 40 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. వెళ్లేటప్పుడు క్యాబ్ సులువుగానే దొరుకుతుంది, ఆ కొండల్లో తిరుగు క్యాబ్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఒకే బండిని రానూ పోనూ మాట్లాడుకొని, పొద్దున 10 గంటల తర్వాత బయలుదేరి మధ్యాహ్నం 3 లోపు తిరిగి వచ్చేలా చూసుకోండి.

ప్రశ్న: మా తమ్ముడు శాన్ హోసేలో ఉంటాడు. అతని కారులో పెద్దలం నలుగురం, ఇద్దరు చిన్నపిల్లలు కలిసి లాస్ ఏంజెలెస్ వెళ్తున్నాం. రెండు రోజులు డిస్నీలాండ్, ఒక రోజు ఊరు. కారు ఉంది కదా, ఎక్కడ దిగినా ఒకటే అంటున్నాడు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: ఒకటే కాదండీ. 1955లో తెరిచిన డిస్నీలాండ్ ఉన్నది అనాహైమ్‌లో. అది ఆరెంజ్ కౌంటీ, లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్ నుంచి 40 కిలోమీటర్ల దూరం. మూడు రోజుల్లో రెండు రోజులు అక్కడే గడుపుతారు కనుక బస కూడా అక్కడే ఉండాలి. హార్బర్ బులవార్డ్ మీద పార్కు ద్వారానికి ఎదురుగా, రోడ్డు దాటి నడిచిపోయేంత దగ్గరలో హోటళ్లు ఉన్నాయి. చిన్నపిల్లలు ఉన్న ఇంటికి ఈ నడక దూరం ఎంతో విలువైనది: మధ్యాహ్నం ఎండలో పిల్లలు ఏడుపు మొదలుపెడితే గదికి తీసుకొచ్చి పడుకోబెట్టి, సాయంత్రం మళ్లీ లోపలికి వెళ్లవచ్చు. దూరంలో దిగి పార్కుకు కారులో వచ్చే వారికి ఇది సాధ్యం కాదు, పార్కింగ్ నుంచి బయటపడేసరికే పిల్లల నిద్ర వేళ గడిచిపోతుంది.

చాలా హోటళ్లు ఒక గదిలో నలుగురికి మించి ఒప్పుకోవు కాబట్టి పక్కపక్కన రెండు గదులు, మధ్యలో తలుపు ఉండేలా అడగండి. పార్కింగ్‌కు రాత్రికి ఎంతో కూడా అడగాలి. హాలీవుడ్, శాంటా మోనికా వైపు 40, 50 డాలర్లు తీసుకునే హోటళ్లు ఉన్నాయి, అది గది ధరలో కలిసి ఉండదు. అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకోవాలనుకుంటే, లాస్ ఏంజెలెస్ నగరంలో స్వల్పకాలానికి ఇచ్చే ఇళ్లకు నమోదు సంఖ్య ఉండాలి. ప్రకటనలో అది కనిపించకపోతే డబ్బు కట్టవద్దు. ఊరు చూసే రోజున ఉదయం 10 దాటాక బయలుదేరండి. అనాహైమ్‌కు తిరిగి వచ్చేటప్పుడు ఆర్టీషియాలోని పయనీర్ బులవార్డ్‌లో ఆగితే మన భోజనం దొరుకుతుంది, అది భారతీయ దుకాణాల వీధి. సామాను కారులో బయటికి కనిపించేలా ఎక్కడా వదలకండి.

ప్రశ్న: నాకు ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు ఉంది. నాలుగు రోజుల కోసం వెళ్తున్నాను. కారు అద్దెకు తీసుకుంటే దూరంగా చవక గది చూసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

సమాధానం: కాలిఫోర్నియాలో 18 ఏళ్లు నిండిన సందర్శకులు తమ దేశపు చెల్లుబాటయ్యే లైసెన్సుతో నడపవచ్చు. కారు అద్దెకిచ్చే సంస్థలు కొన్ని అంతర్జాతీయ పర్మిట్ కూడా అడుగుతాయి, దాన్ని వెళ్లేముందే ఆర్టీఏ కార్యాలయంలో తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. మీ వయసు 25 లోపు అయితే అద్దె మీద అదనపు రుసుము వేస్తారు.

అయితే నాలుగు రోజులకూ కారు తీసుకోవాలని నేను చెప్పను. దూరపు గదిలో మిగిలేది పార్కింగ్‌కు, పెట్రోలుకు పోతుంది, మిగిలిన సమయం ఫ్రీవే మీద పోతుంది. పైగా రోడ్డుకు కుడివైపున నడపడం అలవాటు లేని మనిషి మొదటి రోజే ఐదు వరుసల ఫ్రీవే ఎక్కడం మంచిది కాదు. మెట్రో స్టేషన్ దగ్గర గది తీసుకొని, తీరం వెంట ఉత్తరంగా వెళ్లాలనుకున్న ఒక్క రోజుకు ఊళ్లోని శాఖ నుంచి కారు తీసుకోండి. ఆదివారం పొద్దున్నే అయితే రోడ్లు ఖాళీగా ఉంటాయి, కుడివైపు నడపడానికి అలవాటు పడేందుకు వీలుంటుంది. ఆదివారం ఆ శాఖ ఎన్ని గంటలకు తెరుస్తుందో గది ఖాయం చేసుకునే ముందే కనుక్కోండి.