పెళ్లికీ ప్రార్థనకీ ఒకటే గిటారు: ఏ పికప్ వేయించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండి. ఆదివారం చర్చిలో, ముహూర్తాల రోజుల్లో రిసెప్షన్ ఆర్కెస్ట్రాలో, అప్పుడప్పుడు దిండి రిసార్టులో ఇద్దరే కూర్చుని వాయిస్తున్నారు. అకూస్టిక్ గిటారు ఒక్కటే ఉంది, దానికి పికప్ (గిటారు మోతని కరెంటు సిగ్నల్‌గా మార్చి బాక్సులకి పంపే పరికరం) లేదు. చేతిలో 15 వేలు ఉన్నాయి, మూడు చోట్లకీ పనికొచ్చే పికప్ ఏదని అడుగుతున్నారు.

అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్నదీ అచ్చం ఇదే పని. మొహమాటం లేకుండా చెప్పేస్తా: ఆ 15 వేలూ పికప్ మీదే పోయకండి. ముందు పెట్టె కొనండి. పెట్టె అంటే గిటారుకీ మిక్సరుకీ మధ్య కాళ్ల దగ్గర పెట్టుకునే ప్రీయాంప్ డి.ఐ., పికప్ సిగ్నల్‌ని సరిచేసి మిక్సరుకి తగ్గట్టు పంపేది. మిగిలిన డబ్బుకి ఏ పికప్ వస్తే అది చాలు. ఈ బుద్ధి నాకు ఎలా వచ్చిందో వినండి.

నేను మొదట వేయించుకున్నది కె అండ్ కె ప్యూర్ మినీ అనే పికప్. మూడు చిన్న పియెజో (ఊపుని కరెంటుగా మార్చే) బిళ్లలు, గిటారు లోపల బ్రిడ్జి (తీగలు బిగించే చెక్కముక్క) కింద ఉండే చెక్కకి జిగురుతో అంటిస్తారు. బ్యాటరీ గొడవ లేదు. ఇంట్లో చిన్న యాంప్‌కి పెట్టి వింటే గిటారు ముందు మంచి మైకు పెట్టినట్టే ఉంది. చర్చిలో కూడా బాగానే నడిచింది. ఆ మాఘంలో రావులపాలెం అవతల ఒక రిసెప్షన్ ఒప్పుకున్నాం. స్టేజీ వెనక కొబ్బరితోట, రెండు పక్కలా మనిషెత్తు బాక్సులు, నా వీపు వెనకాలే డ్రమ్స్. మొదటి పాట పల్లవి అయ్యేలోపే గిటారు ఊళ పెట్టింది. మిక్సర్ దగ్గర కుర్రాడు నా ఛానెల్ తగ్గించాడు. పెంచమని సైగ చేశాను, పెంచాడు, మళ్లీ ఊళ. నాలుగో పాటకి విసిగిపోయి మొత్తం కట్టేశాడు. పెళ్లి వీడియోలో నేను చివరిదాకా ఊగిపోతూ వాయిస్తూనే ఉంటాను. ఒక్క తీగా వినబడదు.

ఆ కుర్రాడి తప్పేం లేదండి. డ్రెడ్‌నాట్ అనే పెద్ద సైజు గిటారు డొల్లలో గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, పైచెక్క 200 చుట్టుపక్కల మోగుతుంది. ఐదో తీగని వదిలి మీటితే వచ్చేది 110. బాక్సుల్లోంచి ఆ స్వరం వచ్చి పైచెక్కని ఊపుతుంది. చెక్కకి అతుక్కున్న బిళ్ల ఆ ఊపుని విని మళ్లీ బాక్సులోకే పంపుతుంది. అలా తిరిగి తిరిగి ఊళ అవుతుంది. చెక్కని ఎంత బాగా వినే పికప్ అయితే అంత త్వరగా ఊళ పెడుతుందన్నమాట. ఇంట్లో విని మురిసిపోయిన గుణమే స్టేజీ మీద నా కొంప ముంచింది.

ఇంకో పొరపాటు కూడా చేశాను. బ్యాటరీ లేని పియెజోని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కి పెట్టేవాణ్ని. ఇలాంటి పికప్‌కి ఎదుటి ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంటుకి చూపే అడ్డు) కనీసం ఒక మెగాఓమ్, అంటే పది లక్షల ఓమ్‌లు ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ మామూలుగా పదుల కిలోఓమ్‌లే, అంటే పదుల వేల ఓమ్‌లే. దాంతో కింది స్వరాలు మింగేసినట్టు పోయి, గిటారు రేకు డబ్బాలా వినిపిస్తుంది. నేను రెండేళ్లు గిటారునీ, ఆపరేటర్లనీ తిట్టుకున్నాను.

పెట్టె ఈ రెండు జబ్బులకీ మందు. అందులో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: పెద్ద ఇంపెడెన్స్ ఇన్‌పుట్, ఫేజ్ తిప్పే (సిగ్నల్‌ని తలకిందులు చేసే) బటన్, నాచ్ ఫిల్టర్ (ఊళ పెట్టే ఒక్క స్వరాన్నే కోసేసేది), ఎక్కడ తగ్గించాలో మనమే జరుపుకోగల మిడ్ (మధ్య స్వరాల కంట్రోల్), మిక్సరుకి వెళ్లే ఎక్స్.ఎల్.ఆర్. (మైకు వైరు లాంటి మూడు పిన్నుల) అవుట్. గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (పెట్టెకీ మిక్సరుకీ మధ్య ఎర్త్ కలయికని తెంపేది) కూడా ఉంటే వదలొద్దు. మన పెళ్లిళ్లలో కరెంటు పోయి జనరేటర్ మీదకి మారగానే బాక్సుల్లో 'జుయ్' మని మొదలవుతుంది కదా, చాలాసార్లు ఆ స్విచ్ నొక్కితే ఆగిపోతుంది. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎల్.ఆర్. బ్యాగ్స్ పారా డి.ఐ. మిక్సర్ నుంచి వైరులోనే ఫాంటమ్ పవర్ అనే కరెంటు వస్తే దాని మీదే నడుస్తుంది, లేకపోతే 9 వోల్టుల బ్యాటరీ. అద్దె మిక్సర్ ఎలా ఉంటుందో నమ్మకం లేదు కాబట్టి జేబులో ఒక బ్యాటరీ ఎప్పుడూ ఉంటుంది. ఊళ మొదలైతే ముందు ఫేజ్ నొక్కి చూస్తాను. తగ్గకపోతే నాచ్‌ని మెల్లగా తిప్పుతూ ఆ స్వరం దొరికిన చోట ఆపుతాను. ఇదంతా అరనిమిషం పని. మిక్సర్ దగ్గర ఎవరున్నా మనకి అనవసరం.

ఇక పికప్ సంగతి. ఇప్పుడు నా గిటారులో ఉన్నది శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నని పలక) కింద పెట్టే సన్నని పియెజో పట్టీ. ఫిష్‌మన్ మాట్రిక్స్, ఎల్.ఆర్. బ్యాగ్స్ ఎలిమెంట్ ఈ జాతివే. గట్టిగా స్ట్రమ్ చేస్తే రబ్బరు బ్యాండ్ లాగి వదిలినట్టు ఒక ప్లాస్టిక్ చప్పుడు వస్తుంది, కాదనను. రిసార్టులో నెమ్మదిగా వాయించేటప్పుడు అది నాకే చిరాకు. కానీ కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ముగ్గురు గాయకుల మధ్య అదే చప్పుడు గిటారుని ముందుకి తోస్తుంది. బిళ్లల కంటే ఆలస్యంగా ఊళ పెడుతుంది. సౌండ్ హోల్‌కి రబ్బరు మూత పెడితే ఇంకా ఆలస్యం. ఈ మూత చాలా చవక, ఒకటి కొని కేసులో పడేయండి.

రిసెప్షన్లే ఎక్కువ, డ్రమ్స్ పక్కనే నిలబడాలి అంటే మాత్రం సౌండ్ హోల్‌లో బిగించే మాగ్నెటిక్ పికప్ తీసుకోండి. ఇది చెక్కని దాదాపుగా వినదు, తీగ ఊపునే వింటుంది కాబట్టి మొండిగా నిలబడుతుంది. గిటారుకి చిల్లు పెట్టక్కర్లేదు, పని అయ్యాక తీసేయొచ్చు. స్వరం కొంచెం ఎలక్ట్రిక్ గిటారు వైపు మొగ్గుతుంది. పైన చుట్టిన ఫాస్ఫర్ బ్రాంజ్‌ని అయస్కాంతం లెక్కచేయదు, లోపలి ఉక్కునే వింటుంది. అందుకే చుట్టు లేని రెండో తీగ మిగతా వాటి మీద కేక వేస్తుంది. నైలాన్ తీగలైతే అసలు పనిచేయదు. ఒక్క జాగ్రత్త: హమ్‌బకర్ రకమే, అంటే రెండు తీగచుట్లతో గుర్రుని చంపుకునే రకమే అడగండి. ఎల్.ఇ.డి. గోడ పక్కన, సీరియల్ లైట్ల మధ్య సింగిల్ కాయిల్ (ఒకే చుట్టు ఉన్న రకం) పెట్టుకుంటే పాటకన్నా దాని గుర్రు ముందు వినబడుతుంది.

లోపల మైకు కూడా ఉండే జంట పికప్‌లు ఉన్నాయి. ఎల్.ఆర్. బ్యాగ్స్ యాంథెమ్‌లో 250 హెర్ట్జ్ పైన మైకు, కింద శాడిల్ పట్టీ పనిచేస్తాయి. దిండిలో గోదారి పక్కన కూర్చుని వాయించడానికి ముచ్చటగా ఉంటుంది. మీ బడ్జెట్ దాటిపోతుంది, పెళ్లిలో ఆ మైకుని ఎలాగూ తగ్గించేస్తారు. వదిలేయండి.

మన లంకల తడి గాలి గురించి ఒక మాట. వానాకాలంలో పైచెక్క ఉబ్బుతుంది, తీగలు లేస్తాయి, వైరు గుచ్చే జాక్ లోపల చిలుం పడుతుంది. వాయిస్తుంటే టప్ టప్‌మని కోసుకుపోతే పికప్ పోయిందని కంగారుపడకుండా ముందు జాక్ తుడవండి. కేసులో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. లోపల బ్యాటరీ ఉండే రకమైతే కార్డు (గిటారు వైరు) గుచ్చగానే ప్రీయాంప్ ఆన్ అవుతుంది, కాబట్టి వాయించనప్పుడు కార్డు పీకేయండి. ఒక క్రిస్మస్ సీజన్‌లో పీకడం మర్చిపోయి, మర్నాడు ప్రార్థన మధ్యలో నా గిటారు మూగబోయింది.

శాడిల్ పట్టీ వేయించేటప్పుడు పని తెలిసిన మనిషి దగ్గరికే వెళ్లండి. శాడిల్ అడుగు పూర్తిగా చదునుగా రావాలి. నాకు మొదటిసారి ఆకురాయితో వంకరగా అరగదీశారు. ఆరో తీగ సగమే వినిపించేది. రాజమండ్రిలో కొత్త శాడిల్ కోయిస్తే గాని దారికి రాలేదు. ఆ పట్టీలు రెండు వెడల్పుల్లో వస్తాయి, 2.3 మిల్లీమీటర్లు, 3.2 మిల్లీమీటర్లు. మీ బ్రిడ్జి గాడి ఎంతుందో తీగలు విప్పి కొలిచాకే ఆర్డర్ పెట్టండి. నేను కొలవకుండా తెప్పించి, వెనక్కి పంపే ఖర్చు కూడా నెత్తినేసుకున్నాను.